పారణ లేని ఉపవాసము

ఏకాదశినాడు నిరాహారముగా నుండి ద్వాదశినాటి ప్రాతఃకాలమున పారణ చేయువారిని మంత్రాలయమున, తుంగభద్రా తీరమున, ప్రతి పక్షమునను చూడవచ్చును. ఆ ఉపవాసమెంత కఠినమైనదో, దానిని విడచు పద్ధతియు నంత నియమబద్ధమైనది. ఏ వేళకు విడువవలెను, దేనితో విడువవలెను అను విషయమున పెద్దలు పంచాంగము చూచి మరీ నిర్ణయింతురు. ఆకలిని అణచుట సగము పని మాత్రమేయనియు, దానిని మరల ఇంటిలోనికి పిలుచుకొనుట తక్కిన సగమనియు ఈ ఆచారము నేర్పరచినవారు గ్రహించినట్లున్నది.

ఇప్పుడు దేశములోనికి మరియొక విధమైన ఉపవాసము వచ్చినది. ఇది సూదిమందు రూపమున వచ్చినది. వారమునకొకమారు పొట్ట చర్మము క్రింద పొడుచుకొన్నచో ఆకలి మందగించును. విస్తరి ముందు కూర్చున్నవాడు నాలుగు ముద్దలకే చాలుననును. టిర్జెపటైడ్ అను మందు మౌంజారో పేరుతో 2025 మార్చిలోను, సెమాగ్లూటైడ్ అనునది వెగోవీ పేరుతో అదే సంవత్సరము జూన్‌లోను భారతదేశపు విపణికి వచ్చినవి. సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు మన దేశమున 2026 మార్చి వరకే యగుటచే, స్వదేశపు కంపెనీలు దానిని చౌకగా తయారుచేయుటకు దారి యేర్పడినది. హైదరాబాదు మాట ఆదోనికి, ఆదోని మాట ఎమ్మిగనూరునకు చేరుటకు ఈ కాలమున ఎక్కువ దినములు పట్టదు.

ఈ మందులు నిజముగా పనిచేయునా యని అడిగినచో, పనిచేయుననియే చెప్పవలెను. 2021లో ప్రకటితమైన ఒక పెద్ద పరీక్షలో 1961 మంది పాల్గొనిరి. సెమాగ్లూటైడ్ తీసుకొన్నవారు 68 వారములలో సగటున తమ బరువులో నూటికి పదునైదు పాళ్లు పోగొట్టుకొనిరి. ఉత్తుత్తి మందు తీసుకొన్నవారికి తగ్గినది రెండున్నర పాళ్లకు లోపే. బరువు తగ్గించు మందుల పూర్వచరిత్ర తెలిసినవారికి ఇది సామాన్యమైన విషయము కాదు. 1930 ప్రాంతములలో అమెరికాలో డైనైట్రోఫినాల్ మ్రింగి చూపు పోగొట్టుకొన్నవారు, ప్రాణములే పోగొట్టుకొన్నవారు కలరు. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటములను చెరచుచున్నదని 1997లో ఉపసంహరింపబడినది. సిబుట్రమిన్ 2010లో అదే దారి పట్టినది. ఆ పరంపరలో ఇంత ఫలితమిచ్చి ఇంతకాలము నిలిచినవి ఈ క్రొత్త మందులే.

వీని పుట్టుకయు విచిత్రమైనదే. భోజనము చేయగనే పేగులనుండి జి.ఎల్.పి.-1 అను హార్మోను వెలువడి, కడుపు నిండినదని మెదడునకు కబురు చెప్పును. కాని అది నిమిషములలోనే కరగిపోవును. అమెరికా ఎడారులలో నివసించు గిలా మాన్‌స్టర్ అను విషపు బల్లి విషమున, ఇట్టి పనియే చేయుచు ఎక్కువసేపు నిలుచు పదార్థ మున్నదని జాన్ ఎంగ్ అను శాస్త్రజ్ఞుడు 1992లో ప్రకటించెను. దాని ననుసరించి చేసిన మధుమేహపు మందు 2005లో అనుమతి పొందినది. నేటి సూదిమందులు ఆ వంశములోనివే. జీవశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు ఇంతకన్న రుచికరమైన కథ దొరకుట కష్టము.

చిక్కు వచ్చునది మందు మానిన పిమ్మట. పైన చెప్పిన పరీక్షలో పాల్గొన్నవారిలో కొందరిని, మందు ఆపిన తరువాత ఒక సంవత్సరము గమనించిరి. తగ్గిన బరువులో మూడింట రెండు పాళ్లు తిరిగి వచ్చినది. టిర్జెపటైడ్ విషయమున వేరొక పరీక్ష జరిగినది. అందు 36 వారములలో సగటున నూటికి 21 పాళ్ల వరకు తగ్గినవారిని రెండుగా విభజించి, ఒక భాగమునకు మందు కొనసాగించి, రెండవ భాగమునకు వారికి తెలియకుండ ఉత్తుత్తి మందు నిచ్చిరి. కొనసాగించినవారు మరికొంత తగ్గిరి. రెండవ భాగమువారు సంవత్సరములో నూటికి 14 పాళ్లు తిరిగి పెరిగిరి.

ఇది చదివినవారు వెంటనే అనుమాట యొకటి కలదు: నోరు కట్టుకొనలేకపోయినారు. ఈ మాటలోని అన్యాయమును గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది.

రెండవ ప్రపంచయుద్ధము ముగియు కాలమున, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఏన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి ఇష్టముమీదనే, ఆరు నెలలపాటు అర్ధాకలి తిండి పెట్టెను. వారి బరువు నాలుగవ వంతు తగ్గినది. వారికి పగలు తిండి ధ్యాస, రాత్రి తిండి కలలు. తిండిమీద కట్టు విడచిన తరువాత కడుపు పగులునంతగా తినియు ఇంకను ఆకలి యనినవారు వారిలో కలరు. 2011లో మెల్బోర్నులోని పరిశోధకులు మరియొక సంగతి కనుగొనిరి. పథ్యముతో బరువు తగ్గినవారి రక్తములో ఆకలి పుట్టించు హార్మోనులు హెచ్చియు, తృప్తి కలిగించునవి తగ్గియు ఉన్నవి. సంవత్సరము గడచినను అవి పూర్వస్థితికి రాలేదు. అనగా మనిషి సన్నబడుట శరీరమునకు క్షామముగనే తోచును. అది ఖర్చు తగ్గించుకొనును, ఆకలి పెంచును, పోయినదానిని రాబట్టువరకు ఊరకుండదు. మందు ఆ గోలను అణచియుంచును, మాన్పదు. మందు ఆగిన మరునెలనే గోల మొదలగును.

క్షామమనగా నేమో ఈ సీమకు వేరుగా చెప్పనక్కరలేదు. 1876-78 నాటి మహాక్షామమున, నాడు ఆదోని చేరియున్న బళ్ళారి జిల్లాయు, కర్నూలు జిల్లాయు దారుణముగా దెబ్బతిన్నవి. క్షామపు పనులలో రాళ్లు మోయు మనిషికి దినమునకు పౌను ధాన్యము చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయింపగా, అది చాలదని మదరాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ వాదించవలసి వచ్చినది. కడుపునకెంత కావలెనో కాగితముమీద తేల్చువారు నాడును ఉండిరి. నేడు బరువు తిరిగి పెరిగినవానిని చూచి నవ్వువారు వారికి చుట్టములే.

సిగ్గుతోపాటు డబ్బు ప్రశ్న యొకటి యున్నది. ఆదోని పత్తి మండీలో పద్దులు వ్రాయు ఒక గుమాస్తాను ఊహించుకొనవచ్చును. మౌంజారో మొదటి మోతాదు సీసా ధర ఆరంభమున 3,500 రూపాయలు, రెండవ మోతాదుది 4,375. వారమున కొకటి చొప్పున నెలకు 14,000 నుండి 17,500. అతడు అప్పుచేసి ఎనిమిది నెలలు తీసుకొనును, పదునెనిమిది కిలోలు తగ్గును, తొమ్మిదవ నెలలో పిల్లల ఫీజు వచ్చి మందు ఆగును. మరుసటి సంవత్సరము శ్రావణమునాటికి పాత చొక్కాలే సరిపోవును. అప్పు మాత్రము మిగులును. ఈ మందు రక్తపుపోటు మాత్రవలె దీర్ఘకాలము వాడవలసినది కావచ్చునని మొదటినాడే తెలిసియున్నచో, అతడు వేరుగా ఆలోచించియుండును. స్వదేశపు సరకు వచ్చి ధర దిగుట మంచిదే. కాని ధర దిగినకొలది వైద్యుని చీటి లేకుండ కొనువారును, నకిలీ సరకు అంటగట్టువారును పెరుగుదురు. నకిలీ సెమాగ్లూటైడ్ విషయమై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లోనే హెచ్చరించినది. 2025 డిసెంబరులో ఆ సంస్థయే, స్థూలకాయులైన పెద్దలకు ఈ మందులు వాడవచ్చునని చెప్పుచు, గర్భిణులకు కూడదనియు, ఆహార వ్యాయామములలో గట్టి తోడ్పాటు కూడ జతపడవలెననియు షరతు పెట్టినది. వాంతులు, వికారము, మలబద్ధకము సాధారణము. పిత్తాశయమున రాళ్లు, క్లోమగ్రంథి వాపు అరుదుగానైనను కలవు.

తగ్గిన బరువంతయు కొవ్వు కాదు. అందు కండయు కొంత పోవును. తిరిగి వచ్చునది మాత్రము చాలవరకు కొవ్వే. కనుక కండ నిలుపుకొనుట ఈ వ్యవహారమంతటికి కీలకము. కోపెన్‌హేగన్‌లో జరిగిన ఒక పరీక్షలో, ఈ జాతికే చెందిన లిరాగ్లూటైడ్‌ను మాత్రమే వాడినవారికన్న, దానితోపాటు వ్యాయామము చేసినవారు, రెండును ఆగిన సంవత్సరము తరువాత కూడ తగ్గిన బరువును ఎక్కువగా నిలుపుకొనిరి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘము నెలకొల్పిన కాలమున, గుంట మగ్గములో కూర్చున్న నేతగానికి వ్యాయామము చేయుమని ఎవ్వరును చెప్పనక్కరలేకపోయినది. కాలు తొక్కుచుండును, చేయి నాడె విసరుచుండును, ఇల్లాలు రాట్నము త్రిప్పుచుండును. ఆ బ్రతుకు సుఖమైనదని ఎవ్వరును అనరు. అయినను మగ్గము దిగి దుకాణపు కుర్చీ ఎక్కిన కొడుకునకు ఆ కదలిక పోయి, తిండి మాత్రము తండ్రి నాటిదే మిగిలినది.

తండ్రి నాటిదే యనుటయు పొరపాటు. జొన్నరొట్టె, కొర్రన్నము, సజ్జరొట్టె తిన్న ఈ సీమకు 1983లో రెండు రూపాయల కిలో బియ్యము వచ్చినది. ఆకలి తీర్చిన ఆ పథకమును నిందించుట కృతఘ్నత యగును. అయితే జొన్న పళ్లెములోనుండి క్రమముగా జరిగి, చేనులోనుండియు జరిగినది. అన్నము మూడు పూటల వస్తువైనది. ఉదయము ఉగ్గాని, బజ్జి తిని మధ్యాహ్నము వరకు కుర్చీలో కూర్చున్నవాని సంగతి వేరు, అదే తిని కలుపుతీతకు పోవువారి సంగతి వేరు. మందు మానిన పిమ్మట పప్పు, గ్రుడ్డు, మజ్జిగ, జొన్నరొట్టె, ఆకుకూర ముందును, అన్నము వెనుకను వచ్చు భోజనము కావలెను. ఇది ఖరీదైన పథ్యము కాదు. తాతమ్మల పళ్లెమునకు కొంచెము మాంసకృత్తులు చేర్చినదే.

ఈ ప్రాంతపు చిక్కు ఏమనగా, లావును సన్నమును ఒకే వీధిలో ఉండును. కోసిగి, కౌతాళము వైపునుండి మిరపకాయ కోతలకు గుంటూరు సీమకు వలసపోవు కుటుంబములలో చిక్కిపోయిన తల్లులు కలరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువు కలవారుగా తేలగా, నూటికి సుమారు 15 మంది ఉండవలసినదానికన్న తక్కువ బరువు కలవారు. పైగా సన్నగా నున్నంతమాత్రమున నిశ్చింతయు లేదు. పుణెకు చెందిన డాక్టరు యాజ్ఞిక్, ఇంగ్లండునకు చెందిన డాక్టరు యుడ్కిన్ తమ ఇరువురి ఛాయాచిత్రమును 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిరి. ఎత్తుకు తగిన బరువు లెక్క ఇద్దరికిని 22.3, కొవ్వు మాత్రము యాజ్ఞిక్‌కు నూటికి 21.2, యుడ్కిన్‌కు 9.1. అందుచేతనే భారతీయులకు 23 దాటినప్పుడే అధిక బరువని వైద్యులు లెక్కించుచున్నారు. అయితే ఆ లెక్క చూచి, నాలుగు కిలోలు ఎక్కువైన పెండ్లికుమార్తెకు ముహూర్తములోపల సూది పొడిపించుట వైద్యము కాదు. అట్టి కోరికను వైద్యులు మన్నింపరాదు.

బడి పని ఇక్కడ కొంత కలదు. లావుగానున్న పిల్లవానికి తరగతిలో పేరు పెట్టి పిలుచుట, అది విని ఉపాధ్యాయుడును నవ్వుట నేటికిని పోలేదు. ఆ పిల్లవాడు తిండి మానడు. దొంగచాటుగా తినును, లేదా పెద్దయిన తరువాత ఏ మందు దొరకిన ఆ మందు వాడును. రెండవది ఆటల పీరియడ్. పదవ తరగతి పరీక్షల పేరిట దానిని లెక్కలకో భౌతికశాస్త్రమునకో ఇచ్చివేయుట అనేక పాఠశాలలలో సామాన్యమైపోయినది. ఆడపిల్లల విషయమున అది ఎనిమిదవ తరగతిలోనే ఆరంభమగును: బాలురు మైదానమునకు పోవుదురు, బాలికలు చెట్టుక్రింద కూర్చుండి నోట్సు పూర్తిచేసికొందురు. సర్వే చెప్పిన ఆ ముప్పదియారుగురు ఇట్టి చెట్లక్రిందినుండి లేచివచ్చినవారే. జూన్ నెలలో బడులు తెరచి టైంటేబులు వేయునపుడు, ఆ పీరియడ్ ఏ గడిలో నున్నదో, ఆ గంటలో బాలికలెక్కడ నున్నారో ప్రధానోపాధ్యాయులు ఒకమారు బయటికి వచ్చి చూడవచ్చును.