చేప తలకాయల్లోని నూనెను కాలువ పాలు చేయకండి

రాష్ట్ర మత్స్యశాఖ కమిషనర్ గారికి,

చేపను ముళ్లు తీసి ముక్కలుగా అమ్మితే దాదాపు సగం బరువు తల, పేగులు, ముళ్లు, తోలుగా మిగులుతుంది. మా మార్కెట్ వెనక అదంతా కాలువలో కుళ్లుతోంది. దాన్ని ఉడికించి, పిండి, నీటిని వేరుచేస్తే నూనె వస్తుంది. తోళ్ల పరిశ్రమ తోలు మెత్తబడటానికి దీన్ని వాడుతుంది. కార్లు తుడిచే షామీ తోలును పదును చేసేది కూడా చేపనూనే. గాలికి ఆరి పొరకట్టే గుణం ఉంది కనుక రంగుల్లో వాడతారు, మన తీరాల్లో చెక్క పడవలకూ పూసేవారు. సబ్బుకూ, బయోడీజిల్‌కూ పనికొస్తుంది.

అయితే పేగులు గంటల్లోనే పాడవుతాయి, నూనె నల్లబడి పులుస్తుంది. అందుకే నూనె తీసే యంత్రంకన్నా ముందు కావలసింది ఐసు పెట్టెలు, వ్యర్థాలను తీసుకెళ్లడానికి రోజూ వచ్చే బండి. పెద్ద హార్బర్లలో ఈ రెండూ ఈ ఏడాదే ఏర్పాటు చేయించండి.

ఇట్లు,
చేపలమ్మే ఇంటి బిడ్డ