గోదారి నీళ్లు తాగిన చేప

'పుస్తెలమ్మైనా పులస తినాలి' అంటారు గోదావరి జిల్లాల్లో. మా ఇంట్లో పుస్తెల దాకా రాలేదు గానీ, రెండేళ్ల కిందట నా జీతంలో ఓ మంచి ముక్కే పోయింది.

నాన్న రిటైరై హైదరాబాద్‌లో మా దగ్గరికొచ్చాక జులై వస్తే చాలు, టీవీలో ధవళేశ్వరం నీటిమట్టం ఎంతో చూస్తూ కూర్చుంటారు. 'ఎర్రనీరు వచ్చేసింది. పులస పడుతూ ఉంటుంది' అని నిట్టూరుస్తారు. ఆయన్ని సంతోషపెడదామని ఫోన్లోనే బేరమాడి ఓ చేప తెప్పించాను. రాత్రి బస్సులో, థర్మకోల్ పెట్టెలో, ఐసు మధ్య దిగింది. అమ్మ మట్టిదాకలో పులుసు పెట్టింది. నాన్న ఒక ముద్ద తిన్నారు. రెండోదీ తిన్నారు. ఏమీ అనలేదు. పెరుగన్నం కూడా అయ్యాక మెల్లిగా అన్నారు: 'బాగుందిరా. కానీ ఇది గోదారి నీళ్లు తాగిన చేప కాదు.'

అంత తేడా ఏమిటి? నిజానికి చేప ఒకటే. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస. వరదలకు గుడ్లు పెట్టడానికి బంగాళాఖాతం నుంచి గోదావరిలోకి ఎదురీదుతూ వస్తే పులస. యానాం వైపు గౌతమిలోకి, అంతర్వేది వైపు వశిష్ఠలోకి ప్రవేశిస్తుంది. ఆ ప్రయాణం కోసం ముందే ఒంట్లో కొవ్వు దాచుకుంటుంది. దారిలో పెద్దగా మేత ముట్టదు. అంటే ఆ కొవ్వు దాని సద్దిమూట అన్నమాట! జపాన్ వాళ్లు ట్యూనా పొట్టభాగాన్ని 'తోరో' అంటూ ఎందుకు నెత్తిన పెట్టుకుంటారో, మనవాళ్లు పులసకు ఎందుకు వేలు పోస్తారో కారణం ఒకటే... నోట్లో కరిగిపోయే ఆ కొవ్వు.

గిరాకీ ఉన్నచోట మోసమూ ఉంటుంది. ఒడిశా, బెంగాల్ తీరాల నుంచి ఐసులో వచ్చిన ఇలసను పులస పేరుతో అంటగట్టేవాళ్లు ఉన్నారు. ఎర్రటి మొప్పలు, మెరిసే కళ్లు, నొక్కితే గట్టిగా ఉండే ఒళ్లు... ఇవన్నీ చేప తాజాదనాన్ని చెబుతాయి తప్ప ఏ నీళ్లలో పెరిగిందో చెప్పవు. కాబట్టి రెండు సూత్రాలు గుర్తుంచుకోండి. వరదల కాలం దాటాక, ఏ డిసెంబరులోనో పులస ఉందంటే నమ్మకండి. వీలైతే ఏటి ఒడ్డుకే వెళ్లి, పట్టినవాళ్ల దగ్గరే కొనండి.

దొరికాక దాన్ని పాడుచేయకపోవడం ఇల్లాలి చేతిలో ఉంది. ముక్కలు కోశాక పదేపదే కడగొద్దు. నూనె తగ్గించండి, చేపే నూనె వదులుతుంది. చిక్కటి చింతపండు పులుసులో ఉల్లి, పచ్చిమిర్చి, బెండకాయలు వేసి సన్నటి సెగ మీద మరగనివ్వాలి. గరిటె పెడితే ముక్క చెదురుతుంది. దాక అంచులు పట్టుకుని తిప్పడమే. దించే ముందు కాస్త ఆవకాయ నూనె వేస్తారు కొందరు. అసలు రుచి మర్నాడే. సన్నముళ్లు లెక్కలేనన్ని ఉంటాయి కనుక పిల్లలకు ముళ్లు తీసి పెట్టండి. మీరూ టీవీ కట్టేసి తినండి.

కిందటేడు నాన్నను వెంటబెట్టుకుని ఊరెళ్లాను. రేవులో చేపలమ్మే ఆవిడ ఒకే ఒక్క పులసను చూపించి, 'ఇదివరకు బుట్టల్లో తెచ్చేవాళ్లం బాబూ. ఇప్పుడు వేళ్ల మీద లెక్కెట్టుకుంటున్నాం' అంది. ఆశ్చర్యమేముంది? గుడ్లు పెట్టడానికి వెళ్తున్న చేపనే దారికాచి పడుతున్నాం. జనతో నిండిన చేపకైతే ఇంకా ఎక్కువ ధర ఇస్తున్నాం. పైన ధవళేశ్వరంలో బ్యారేజీ అడ్డం. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, ఒకప్పుడు అలహాబాద్ దాకా ఎదురీదిన ఇలస అక్కడ దాదాపు కనుమరుగైంది. ఇలసను జాతీయ చేపగా చేసుకున్న బంగ్లాదేశ్ అక్టోబరు ప్రాంతంలో 22 రోజులపాటు దాని వేటను నిషేధిస్తోంది. 25 సెంటీమీటర్లకు తక్కువున్న పిల్లచేపలను పట్టడం మీదా నెలల తరబడి నిషేధం ఉంటుంది. మన దగ్గర తూర్పు తీరంలో 61 రోజుల వేట విరామం జూన్ 14తో ముగుస్తుంది. పులస వచ్చేది ఆ తర్వాతే!

ఆ ఒక్క చేపనే కొని, బాబాయి వాళ్లూ మేమూ పంచుకున్నాం. మనిషికి రెండేసి ముక్కలు. మర్నాడు నాన్న మొదటి ముద్ద తిని, ఈసారీ ఏమీ అనలేదు. కంచంలో పులుసు మాత్రం వేళ్లతో ఊడ్చేశారు. పెరుగు వద్దన్నారు.

చెయ్యి కడుక్కుంటూ నాతో అన్నారు: 'ఏడాదికోసారి చాలురా. నీ కొడుక్కీ కొంచెం మిగలాలి కదా!'