సాపేక్షతా సిద్ధాంతం – మన తరగతి గది

భౌతికశాస్త్ర విద్యార్థులలో సాపేక్షతా సిద్ధాంతం పట్ల ఒక విధమైన భయం నాటుకొని ఉన్నది. ఐన్‌స్టీన్ పేరు వినగానే ఇది మహామేధావులకే గాని తమకు అందదని తలచి, లోరెంట్జ్ సమీకరణాలను కంఠస్థం చేసి, పరీక్షలో అప్పగించి, మరునాడే మరచిపోతున్నారు. ఈ సిద్ధాంతంలో తొలి అడుగుకు కావలసినది అసాధారణ గణితం కాదు; సొంత భాషలో నిదానంగా సాగే ఆలోచన. ఇది మా దృఢాభిప్రాయం.

1905లో ఐన్‌స్టీన్ ఆధారం చేసుకొన్న మూలసూత్రాలు రెండే. సరళరేఖలో సమవేగంతో పోయే వారందరికీ ప్రకృతి నియమాలు ఒక్కటే. శూన్యంలో కాంతివేగం, అనగా సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు, వారందరికీ ఒక్కటే.

పునాది మూల సరిచూడడానికి మన మేస్త్రీలు 3, 4, 5 అడుగుల కొలతలు వేస్తారు. ఆ త్రిభుజమే మనకు చాలును. కాంతివేగంలో అయిదింట మూడు వంతుల వేగంతో పోయే రైలుపెట్టెను ఊహించుకొందాము. పెట్టె అడుగు నుండి ఒక కాంతికిరణం పైకప్పును చేరినది. లోపలివారికి అది నిట్టనిలువుగా 4 పాళ్ల దూరం పోయినది. ఈలోగా రైలు 3 పాళ్లు ముందుకు జరిగినది గనుక, ప్లాట్‌ఫారం మీది వారికి అది ఏటవాలుగా 5 పాళ్లు పోయినది. వేగం ఇద్దరికీ ఒక్కటే, దూరాలు వేరు. కావున కాలమే వేరు కావలసి వచ్చినది. బయట 5 పాళ్ల కాలం గడవగా లోపల గడిచినది 4 పాళ్లే. ఇందులో పైథాగరస్ సిద్ధాంతాన్ని మించిన గణితమేమున్నది?

ఇది వట్టి ఊహ కాదు. సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున వాతావరణంలో పుట్టే మ్యూయాన్ కణాల సగటు ఆయువు 2.2 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో కాంతి సైతం 660 మీటర్లకు మించి పోజాలదు. అయినను ఆ కణాలు విస్తారంగా నేలను చేరుతున్నవి. మన లెక్కలో వాటి కాలం మెల్లగా నడవడమే ఇందుకు కారణం. 1941లో రోసీ, హాల్ అనే శాస్త్రజ్ఞుల కొలతలు దీనిని బలపరచినవి.

మన రెండు భాషలూ ఇక్కడ మనకు తోడ్పడగలవు. సాపేక్షమనగా మరొకదానిని అపేక్షించేది. ఉర్దూలో దీనిని ఇజాఫియత్ అంటారు. వ్యాకరణంలో ఇజాఫత్ అనగా ఒక పదానికి మరొక పదంతో గల సంబంధం. కాలాన్ని గూర్చి పలికే ముందు “ఎవరి గడియారంలో?” అని అడగవలెనని ఈ పదాలే బోధిస్తున్నవి.

ఉన్నత విద్యకు ఇంగ్లీషు అవసరం కాదా అని కొందరు ప్రశ్నించవచ్చును. అవసరమే. కాని గ్రహించిన విషయాన్ని మరొక భాషలో చెప్పడం సులభం. గ్రహించనిది ఏ భాషలోనూ చెప్పలేము. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతోనే ఆరంభమైనది. 1920లో మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ అనే యువకులు ఐన్‌స్టీన్ జర్మన్ వ్యాసాలను ఇంగ్లీషులోకి అనువదించగా కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించినది. పరభాషలోని విద్యను తమవారికి అందించాలనే పట్టుదల వారిది.

కావున ఈ పాఠానికి ముందు రెండు గంటలు తెలుగు, ఉర్దూలలో చర్చకు కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుతున్నాము. విద్యార్థులారా, సమీకరణాన్ని వల్లించే ముందు ఆ త్రిభుజాన్ని మీ చేతితో ఒకసారి గీయండి.