పంచ్‌లు లెక్కపెడితే సరిపోతుందా?

2020 ఫిబ్రవరి, హ్యూస్టన్. యూఎఫ్‌సీ 247లో జాన్ జోన్స్, డొమినిక్ రేయస్ ఐదు రౌండ్లు తలపడ్డారు. ముగ్గురు జడ్జీలూ జోన్స్‌నే గెలిపించారు. ఒకరైతే ఏకంగా 49-46 వేయడంతో పెద్ద రచ్చయింది. ముఖ్యమైన దెబ్బల లెక్కలో రేయస్‌దే పైచేయి, 116-104. మరి కెమెరాలు, ఏఐ పెట్టేస్తే గొడవ తీరిపోదా?

ఆగండి. ఇలాంటి ప్రయోగం ఒలింపిక్ బాక్సింగ్‌లో ఎప్పుడో అయిపోయింది. 1988 సియోల్ ఫైనల్లో రాయ్ జోన్స్ జూనియర్‌కు జరిగిన అన్యాయం తర్వాత, 1992 బార్సిలోనాకల్లా కంప్యూటర్ స్కోరింగ్ వచ్చింది. ఐదుగురు జడ్జీల్లో కనీసం ముగ్గురు ఒక్క సెకను తేడాలో బటన్ నొక్కితేనే పాయింట్. అంతవరకు బానే ఉంది. కానీ ఊరికే తగిలిన పంచ్‌కీ, కాళ్లు తడబడేలా చేసిన పంచ్‌కీ అదే ఒక్క పాయింట్! దాంతో బాక్సర్లు ఆటకన్నా పాయింట్లు ఏరుకోవడం నేర్చుకున్నారు. 2013లో ఆ పద్ధతికి సెలవు చెప్పేశారు.

ఎంఎంఏలో చిక్కు ఇంకా ఎక్కువ. రూల్స్ ప్రకారం ముందు చూడాల్సింది దెబ్బల సంఖ్యని కాదు, వాటి ప్రభావాన్ని. దాన్ని మోడల్‌కి నేర్పాలంటే వీడియోలకు లేబుల్స్ వేయాల్సింది మళ్లీ మనుషులే. వాళ్లకే ఏకాభిప్రాయం లేదు కదా! నన్నడిగితే, 2020 మార్చిలో ఇన్విక్టా చేసినట్టు రౌండ్ రౌండ్‌కీ స్కోరు బయటపెట్టడం నయం. దానికి ఏఐ అక్కర్లేదు.

ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇదే తీసుకుంటారా? తీసుకోండి. ఇంటర్వ్యూలో 'యాక్యురసీ ఎంత?' అని కచ్చితంగా అడుగుతారు. ఏ జడ్జి స్కోరుతో పోల్చి చెప్తున్నారో ముందే రాసిపెట్టుకోండి.