బీరువాల పెట్టిన టెలిస్కోప్ ఎవరి కోసం?

పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికగా చదవండి. స్కాలర్‌షిప్‌ల గురించి, మెస్ చార్జీల గురించి మన గ్రూపుల చాలామంది మంచిగ రాస్తున్నరు. నేను ఆకాశం గురించి రాస్తున్న. నవ్వుకోకండి, చివరి దాకా చదివి అప్పుడు అనండి.

నా మాట ఒక్కటే. గిరిజన హాస్టళ్లల్ల, గురుకులాలల్ల, ఆశ్రమ పాఠశాలల్ల చదివే పిల్లలకు టెలిస్కోప్ అందాలె. అందుడు అంటే స్టాక్ రిజిస్టర్‌ల ఎక్కుడు కాదు. రాత్రి పూట పిల్లల చేతికి రావాలె.

మాది బంట్వారం మండలంల ఒక తండా, వికారాబాద్‌కు తాండూరుకు నడుమ. వానలు పోయినంక, అమావాస్య దగ్గరి రోజులల్ల కంది చేను కాడ నిలబడితే పాలపుంత తేటగా కనపడుతది. హైదరాబాద్‌ల ఉండే నా క్లాస్‌మేట్లు దాన్ని ఫోన్‌ల తప్ప చూడలేదు. అందుకే శనివారం వచ్చిందంటే సిటీ వాళ్లు కార్లల్ల టెలిస్కోప్‌లు పెట్టుకొని అనంతగిరి దిక్కు వస్తరు, పైసలు కట్టి మన ఆకాశం చూసి పోతరు. రానీయండి, తప్పేం లేదు. కానీ అదే ఆకాశం కింద మన హాస్టల్ పిల్లలు తొమ్మిదింటికి లైట్లు బంద్ చేసుకొని పండుకుంటరు. పైకి పోయే మెట్లకు తాళం.

నేను చదివిన స్కూల్ల టెలిస్కోప్ ఉండె. స్కూల్ పేరు చెప్పను, ఇది ఒక్క స్కూల్ కథ కాదు. డబ్బాల వచ్చింది, డబ్బాలనే సైన్స్ రూం బీరువాలకు పోయింది. పెద్ద సార్లు తనిఖీకి వచ్చినప్పుడు బయటికి తీసి, తుడిచి, టేబుల్ మీద పెట్టేటోళ్లు. అదీ పట్టపగలు. నేనున్న మూడేండ్లల్ల దాంట్ల ఒక్కరు కూడా చంద్రున్ని చూడలేదు. సార్లను కూడా ఊరికె అనొద్దు. అది పగిలితే జీతంల కోత పడుతదని వాళ్ల భయం. ఎట్ల బిగించాల్నో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. అందుకే నేను తాళం చెవి గురించి మాట్లాడుతున్న.

చిన్నప్పుడే టెలిస్కోప్ అందితే ఏమైతదో మన దగ్గరనే చూడొచ్చు. నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి 1901ల హైదరాబాద్‌ల నిజామియా అబ్జర్వేటరీ పెట్టారు. తర్వాత అది నిజాం సర్కారుకు, 1919ల ఉస్మానియా యూనివర్సిటీకి వచ్చింది. అక్కడ పనిచేసే ఒక ఉద్యోగి కొడుకు ఆ టెలిస్కోప్‌ల నడుమ పెరిగారు, నిజాం కాలేజీల చదివారు. 1949ల హార్వర్డ్‌ల చదువుకుంటా ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టారు. ఆయనే వైను బప్పు. తమిళనాడుల కావలూరు అబ్జర్వేటరీ ఆయన చేతుల మీదనే వచ్చింది. అక్కడి 2.3 మీటర్ల టెలిస్కోప్‌కు 1986ల ఆయన పేరే పెట్టారు. ఆయన తెలివి, కష్టం ఆయనవే. కానీ చిన్న వయసుల టెలిస్కోప్ దగ్గర ఉండుడు మాత్రం నాయిన ఉద్యోగం వల్ల వచ్చింది. మన నాయినలకు ఆ ఉద్యోగాలు లేవు. ఆ లోటు తీర్చాల్సింది హాస్టల్, గురుకులమే.

ఇంకో సంగతి. కావలూరు ఉన్న జవ్వాది కొండలు కూడా గిరిజన ప్రాంతమే. చీకటి కావాలంటే ఎవరైనా కొండల దిక్కే వస్తరు. కానీ ఆ చీకటి ఎప్పటికీ ఉండదు. 1960ల చివర ఉస్మానియా వాళ్లు సిటీకి దూరంగా, ఇబ్రహీంపట్నం దిక్కు జపాల్-రంగాపూర్‌ల 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని సైంటిస్టులు అక్కడి నుంచి చూశారు. తర్వాత సిటీ వెలుతురు అక్కడి దాకా పాకింది. మన దిక్కు కూడా రిసార్టులు, వెంచర్లు, తెల్ల ఎల్‌ఈడీ లైట్లు వస్తనే ఉన్నయి. మన పిల్లలకు ఈ ఆకాశం చూపించాలంటే ఇప్పుడే చూపించాలె.

ఆకాశం మనకు కొత్త కూడా కాదు. ముంబైల టాటా ఇన్‌స్టిట్యూట్ సైంటిస్టు మయాంక్ వాహియా, ఆయన తోటివాళ్లు మధ్య భారతంల గూడేలకు, తండాలకు పోయి పెద్దమనుషులను అడిగి, గోండుల, బంజారాల, కొలాముల ఆకాశ జ్ఞానం మీద 2013, 2014లల్ల పరిశోధన పత్రాలు వేశారు. పుస్తకాలల్ల సప్తర్షులు అని ఉండే చుక్కలల్ల నాలుగు గోండులకు మంచం, తోక మూడు చుక్కలు దాన్ని ఎత్తుకపోవాలని చూసే దొంగలు. ఓరియన్ అని మనం చదివేది వాళ్లకు నాగలి. వానాకాలం ఎప్పుడొస్తదో చుక్కలను చూసి లెక్క పట్టేటోళ్లు. ఇదంతా రాసింది బయటి నుంచి వచ్చినవాళ్లు. మన తాతలను, అవ్వలను మనం అడిగినమా? హాస్టల్ల టెలిస్కోప్ ఉంటే, సెలవులకు ఇంటికి పోయిన పిల్లగాడు "మనోళ్లు దీన్ని ఏమంటరు?" అని అడిగి రాసుకొని వస్తడు. 

ఇగ ఖర్చు. టెలిస్కోప్ అంటే లక్షల మాట అనుకుంటరు. కంటి అద్దాల షాపుల ప్లస్ వన్ పవర్ లెన్స్ అడగండి. ప్లస్ వన్ అంటే నాభ్యంతరం ఒక మీటరు, పదో తరగతి కటకాల లెక్కనే. గడియారాలు బాగుచేసేటోళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల లూప్ నాభ్యంతరం సుమారు 25 మిల్లీమీటర్లు. మీటరు పొడుగు పీవీసీ పైపుకు ఒక కొసకు లెన్స్ పెట్టాలె. ఇంకో కొసకు లోపల జరిగేటట్టు సన్న పైపు పెట్టి, దానికి లూప్ బిగించాలె. 1000ని 25తో భాగిస్తే 40 రెట్లు. లెన్స్ ముందర మూడు సెంటీమీటర్ల రంధ్రం చేసిన నల్ల అట్ట పెడితే రంగుల అంచులు తగ్గి బొమ్మ తేటగా వస్తది. ఇగ కదలకుండ స్టాండ్ గట్టిగ ఉండాలె, అసలు కష్టం దానితోనే. గెలీలియో 1610 జనవరిల గురు గ్రహం చంద్రులను చూసిన టెలిస్కోప్ ఇరవై రెట్లదే. ఒక్క జాగ్రత్త: దీన్ని ఎప్పుడు కూడా సూర్యుని దిక్కు తిప్పొద్దు, కన్ను పోతది.

ఇంకా పెద్దది కావాలంటే అద్దంతో చేసేది ఉంది. అమెరికాల జాన్ డాబ్సన్ అని వేదాంత ఆశ్రమంల సన్యాసిగా ఉన్నాయన, ఓడ కిటికీల పాత గాజు, అట్ట గొట్టం, ప్లైవుడ్ డబ్బాతో పెద్ద టెలిస్కోప్‌లు చేసి ఫుట్‌పాత్ మీద పెట్టి, పోయేటోళ్లకు వచ్చేటోళ్లకు చంద్రున్ని చూపించిండు. అద్దం చేసే పద్ధతి వినండి. రెండు మందం గాజు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి, నడుమ కార్బోరండం పొడి, నీళ్లు వేసి రుద్దాలె. మీదిది మెల్లగ గుంత పడుతది, కిందిది ఉబ్బుతది. మొదలు గరుకు పొడి, తర్వాత సన్నది, ఇంకా సన్నది, ఆఖరుకు పాలిష్. 

ఈ పని తాండూరు బండల పాలిష్ యూనిట్లల్ల చేసేటోళ్లకు కొత్తగ చెప్పాల్నా? మా నాయిన ఏండ్ల కొద్దీ అదే పని చేసిండు. గరుకు నుంచి నునుపు దాకా, నీళ్లు పోస్తా, చేతితో తడిమి చూస్తా. తేడా ఒక్కటే: బండను చదును చేస్తరు, అద్దాన్ని గుంత చేస్తరు, అదీ మిల్లీమీటర్‌ల పదివేల వంతు అటు ఇటు కాకుండ. అది సరిగ వచ్చిందో లేదో ఒక బ్లేడు, ఒక చిన్న లైటుతో చూసే పద్ధతి 150 ఏండ్లకు పైగా ఉంది. అల్యూమినియం పూత మాత్రం బయట వేయించాలె. మన తల్లిదండ్రుల చేతి పనికి, మన ఫిజిక్స్ పుస్తకానికి ఇంత దగ్గరి చుట్టరికం ఉందని ఏ క్లాసుల మనకు చెప్పిన్రు?

ఇప్పుడు మీరు అడిగేవి నాకు తెలుసు. "ముందు ఉద్యోగాలు రావాలె, చుక్కలు తర్వాత" అంటరు. మా ఇంట్ల కాలేజీ మెట్లు ఎక్కింది నేనే మొదలు, ఉద్యోగం విలువ నాకు వేరేవాళ్లు చెప్పనక్కర లేదు. కానీ మన చదువు ఎట్ల సాగుతుందో చూడండి. పుస్తకంల ఉంది, సారు చెప్పిండు, గైడ్‌ల ఉంది. అన్నీ నమ్ముడే. నేను మొదటిసారి టెలిస్కోప్‌ల చూసింది డిగ్రీకి వచ్చినంక. గురు గ్రహం ఒక పక్క మూడు చుక్కలు, ఇంకో పక్క ఒకటి ఉండె. మర్నాడు చూస్తే రెండు ఇటు, రెండు అటు. చంద్రులు తిరుగుతయని చిన్నప్పటి నుంచి పరీక్షలల్ల రాసిన, ఆ రోజు నా కంటితో తేల్చుకున్న. ఒకరు చెప్పింది నేను పరీక్ష చేసి చూడొచ్చు అనే ధైర్యం పెద్ద ఇండ్ల పిల్లలకు చిన్నప్పుడే వస్తది. ఇంటర్వ్యూల మనం తడబడేది ఇంగ్లిష్ రాక మాత్రమే కాదు, ఈ ధైర్యం లేక కూడా.

"ఆడపిల్లలను రాత్రి బయటికి ఎట్ల పంపుతరు?" అంటరు. బయటికి పంపమని ఎవరన్నరు? వాళ్ల హాస్టల్ టెర్రస్ మీదనే, వాళ్ల వార్డెన్ మేడం ముందరనే చూడొచ్చు. మలావత్ పూర్ణ అక్క 2014 మే 25న, పదమూడేండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని, మన తండా బిడ్డ. ఆమెకు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుడు నేర్పించిన్రు కాబట్టే ఎక్కింది. ఎవరెస్ట్ దాకా పంపిన వ్యవస్థకు టెర్రస్ తాళం తీసుడు కష్టమా?

"పిల్లలు పగలగొడతరు" అంటరు. పగిలితే బాగు చేసుకుందాం. బీరువాల అది పదేండ్లు చెక్కుచెదరకుండ ఉంటే ఎవరికి లాభం?

నేను అడిగేవి ఇవి:

1. ఏ గిరిజన స్కూల్ల, హాస్టల్ల టెలిస్కోప్ ఉందో, ఎన్నిసార్లు బయటికి తీశారో లెక్క బయట పెట్టాలె. అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు ఒక్కో స్కూల్‌కు 20 లక్షల దాకా కేంద్రం గ్రాంట్ ఉంది. ల్యాబ్ ఉన్నకాడ టెలిస్కోప్ తయారీ దాంట్లనే పెట్టొచ్చు.

2. ఇద్దరు విద్యార్థులు, ఒక టీచర్ పేరు మీద తాళం చెవి, ఒక రిజిస్టర్ ఉండాలె. వాడుకలో పగిలితే టీచర్ జీతం నుంచి కోయొద్దని రాతపూర్వకంగా ఇవ్వాలె.

3. నెలకు రెండు రాత్రులు ఒక్కో గంట. ఒకటి అష్టమి దగ్గర చంద్రుని కోసం, ఒకటి అమావాస్య దగ్గర చుక్కల కోసం. ఆ గంట కాంపౌండ్ పెద్ద లైట్లు బంద్.

4. ఉస్మానియా ఖగోళ శాఖ, బిర్లా ప్లానెటోరియం, జన విజ్ఞాన వేదిక లాంటి వాళ్లతోటి టీచర్లకు, పిల్లలకు ట్రైనింగ్.

ఒక తారీఖు గుర్తు పెట్టుకోండి. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం నాడు నేనున్న హాస్టల్ల గేటుకు, మెట్లకు తాళం వేసి పండుకోమన్నరు. మళ్ల 2028 డిసెంబర్ 31 రాత్రి, పది గంటల ప్రాంతంల, మన దగ్గర సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. న్యూ ఇయర్ కోసం ఆ రాత్రి పిల్లలు ఎట్లాగూ మేల్కొనే ఉంటరు. ఆ లోపల ప్రతి గిరిజన హాస్టల్ టెర్రస్ మీద ఒక్క టెలిస్కోప్ అన్నా నిలబెట్టాలె.

వికారాబాద్, తాండూరు దిక్కు హాస్టళ్లల్ల ఉన్నవాళ్లు మీ దగ్గర టెలిస్కోప్ ఉందా లేదా, ఉంటే ఏ బీరువాల ఉందో కింద రాయండి. వార్డెన్ల పేర్లు వద్దు, మనకు వాళ్లతోటి పంచాయితీ లేదు. లెక్క తేలినంక అందరం కలిసి జిల్లా గిరిజన అభివృద్ధి అధికారికి వినతిపత్రం ఇద్దాం. రాసే పని నేను చేస్త. సంతకాలకు మీరు రావాలె.