మానిన పుండు, మానని మంట

మా మేనత్తది భీమవరం. నిరుడు ఆవిడకు నడుం పక్కన సర్పి లేచింది. మందులు వాడారు. పొక్కులు ఎండి, చెక్కు రాలి, మచ్చలు మిగిలాయి. మంట మాత్రం పోలేదు. చీర చెంగు రాసుకున్నా నిప్పు తగిలినట్టు వులిక్కిపడేది. "పుండు మానింది గదా, ఇంకా ఏమిటీ మూలుగు?" అని మామయ్య విసుక్కునేవారు. దాచడం దేనికి? నేనూ ఒకనాడు, "అదంతా నీ మనసులో వుందత్తయ్యా" అన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. ఆనాటినుంచి మూలగడం మానేసి, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

అది చూడలేక, మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగాను. "తెలుగు మాస్టారికి నాడుల గొడవ దేనికండీ?" అని నవ్వి, కాలవగట్టున పెరిగినవాడికి అర్థమయ్యేలా చెప్పాడు.

నొప్పి కబురు మోసే నాడీకణాలు వెన్నెముక పక్కన గుత్తులుగా వుంటాయి. వాటి తీగలు చర్మందాకా పాకి వుంటాయి. ఆ తీగల గోడల్లో ప్రోటీన్లతో అమరిన తూములున్నాయి. కందిపప్పులో వుంటాయని పిల్లలకు చెబుతామే, ఆ జాతివే. తూము తెరుచుకుంటే కబురు మెదడుకు పారుతుంది. వేడి 43 డిగ్రీలకు చేరితే తెరుచుకునే తూమును 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయ ఘాటు సాయంతో పట్టుకుంది. మిరపకాయ కొరికితే నోరు కాలినట్టుండేది అందుకే. వేడికీ కారానికీ తూము ఒక్కటే. 2021లో నోబెల్ బహుమానం పంచుకున్న ఇద్దరిలో ఆయన ఒకరు.

మరో తూము కథకు మా అత్తయ్యగారి వూరితోనే చుట్టరికం వుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఎ.టి.పి.ని కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు. కణం లోపల వున్నంతసేపు అది బలం. కణం చితికి బయటికి కారితే నొప్పి కబురు. దాన్ని పసిగట్టే తూము నాడీకణాల్లో 1995లో దొరికింది. సుబ్బారావుగారు 1948లోనే పోయారు.

గాయం మానాక తూములు మళ్ళీ బిగుసుకోవాలి. ఒక్కొక్కప్పుడు వాపులో పుట్టే రసాయనాలవల్ల వాటి తలుపులు వదులై, మామూలు ఒంటివేడికే తెరుచుకుంటాయి. సర్పిలో ఇంకో చిక్కు. చిన్నప్పుడు ఆటలమ్మతో వచ్చిన వైరసు ఆ గుత్తుల్లోనే నక్కి వుండి, ఏళ్ళు గడిచాక లేచి, నాడినే చెరుస్తుంది. చర్మం మానుతుంది, నాడి మానదు. మనకు కనిపించేది చర్మమే.

ఆదివారం భీమవరం వెళ్ళి, "ఆనాడు నేనన్నది తప్పు మాటత్తయ్యా" అని ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే మిరపకాయ నూరి పట్టించమంటావేమిట్రా?" అంది. అంతపని చేయవద్దన్నాను. ఆ ఘాటుతో చేసిన పూతమందులూ, పట్టీలూ వున్న మాట నిజమే. అవి నాడుల కొనలను కొన్నాళ్ళు మొద్దుబారుస్తాయి. కాని డాక్టరుగారు చెబితేనే వాడాలి. మామూలు నొప్పి బిళ్ళలు ఈ మంటను అంతగా తగ్గించవు. దీనికి వేరే మందులున్నాయి. మళ్ళీ చూపించుకోవడానికి ఒప్పుకుంది.

నేను బయలుదేరబోతుంటే గుమ్మందాకా వచ్చి, "ఒరే, ఇందాక చెప్పావే, అది మీ మామయ్యక్కూడా ఓసారి చెప్పిపో" అంది.

అరుగుమీద పేపరు చదువుకుంటున్న మామయ్య పక్కన కూర్చుని, మొదటినుంచీ మొదలుపెట్టాను.