దాతకు మఱుగు, ఓటరునకు బయలు

కంపెనీలు రాజకీయ పక్షములకు ధనమిచ్చుట మన దేశమున నేటి మాట గాదు. 1957లో టాటా ఉక్కు కంపెనీ అట్టి చందాలిచ్చుటకై తన నిబంధనలను మార్చుకొనబోగా, బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లా అందులకు చట్టము అడ్డురాదని తీర్పు చెప్పుచునే, ఈ యలవాటు ముదిరినచో ప్రజాస్వామ్యమునే ముంచివేయగలదని హెచ్చరించెను. 1969లో ఆ చందాలు నిషేధింపబడెను. 1985లో మరల తలుపు తెఱవబడెను. అయినను ఆ తలుపునకొక గడియ యుండెను. 2013 నాటి చట్టము ననుసరించి, కంపెనీ తన వెనుకటి మూడేండ్ల సరాసరి లాభములో నూటికి ఏడున్నర పాళ్లకు మించి యీయరాదు. ఎవరికిచ్చెనో లెక్కలలో చూపవలయును.

2017లో ఆ గడియను ఊడదీసిరి. పరిమితి పోయెను, పక్షము పేరు చెప్పవలసిన పనియు పోయెను. మఱుసటి యేడు స్టేట్ బ్యాంకున ఎన్నికల బాండ్లు అమ్మకమునకు వచ్చెను. వేయి రూపాయలు మొదలు కోటి వఱకు వాని వెలలు. (వేయి రూపాయల బాండు అలంకారమునకు కాబోలు; కొనబడిన ధనములో బహుభాగము కోటి రూపాయల కాగితములే.) నష్టములలో మునిగిన కంపెనీ సైతము కొనవచ్చును! తన వాటాదారులకు దమ్మిడీ పంచలేని సంస్థ రాజకీయ పక్షమునకు కోట్లు పంచినచో, దానిని దానమందుమా, బేరమందుమా?

2024 ఫిబ్రవరి 15న సుప్రీముకోర్టు ఈ పథకమును కొట్టివేయునాటికి పదునాఱువేల కోట్ల రూపాయలకు పైగా చేతులు మాఱెను. పిమ్మట వెల్లడియైన పట్టికలో రెండవ స్థానము మన హైదరాబాదు కంపెనీదే: 966 కోట్లు. సర్కారు కంట్రాక్టులతో కాలువలును సొరంగములును నిర్మించు సంస్థ అది. ఆ ధనమునకును ఆ కంట్రాక్టులకును సంబంధమున్నదని మేము నిరూపింపలేము. నిరూపించు దారిని మూయుటయే గదా ఆ పథకము చేసిన పని!

ఇందొక విచిత్రము గలదు. ఆంతరంగిక జీవనము పౌరునికి ప్రాథమిక హక్కు కాదని కేంద్ర ప్రభుత్వము సుప్రీముకోర్టున వాదించెను. తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఆ వాదమును ఏకగ్రీవముగా త్రోసిపుచ్చిరి. ఆ ప్రభుత్వమే బాండ్ల వ్యాజ్యమున దాత గోప్యతను కాపాడవలెనని ప్రాధేయపడెను. ఇంటి యిల్లాలికి లేని తెర కంపెనీకి కావలెనట!

ఇక ఆ యిల్లాలి చేతిలోని ఫోను సంగతి. బిడ్డకు జ్వరమని మందు వెదకినను, పెండ్లికి చీరలు చూచినను, ఆమె చూచినదియు, ఎంతసేపు చూచినదియు లెక్కకెక్కును. ఆ లెక్కలు అంగడిసరకగును. కొనువారు సబ్బుల వర్తకులే యని భ్రమపడరాదు. కేంబ్రిడ్జ్ అనలిటికా యను సంస్థ ఎన్నికల ప్రచారకులకు సలహాలమ్ముకొని బ్రతికినది. 8 కోట్ల 70 లక్షలమంది వివరములు దాని చేత పడియుండవచ్చునని 2018లో ఫేస్‌బుక్కే యొప్పుకొనెను. మన దేశమున అట్టివారు 5,62,455 మంది. ఆ ప్రశ్నల ఆటను స్వయముగా తెఱచినవారు 335 మంది మాత్రమే. తక్కినవారి నేరము వారికి స్నేహితులగుటయే!

సమ్మతి గైకొంటిమి గదా యని కంపెనీలవారు బదులు చెప్పుదురు. పుటలకొలది ఆంగ్ల పత్రము, దాని క్రింద నొక్క మీట: నొక్కనిచో పని సాగదు. మన పల్లెలలో నిశాని వేయించుకొను వడ్డీవ్యాపారి సైతము పత్రమును ఒకమాఱైన చదివి వినిపించెడివాడు. 2023 నాటి చట్టము బాలబాలికలను వెంటాడు ప్రకటనలను నిషేధించినది, అది మేలే. కాని ప్రభుత్వము తన శాఖలను ఆ చట్టమునుండి తప్పించుకొను వీలును అందే వ్రాసికొన్నది. సమాచార హక్కు చట్టమును సవరించి, వ్యక్తిగతమను నెపమున అధికారులు కాగితములు దాచుట మునుపటికంటె సులభము గావించినది.

బాండ్లు పోయినను చందాలు పోలేదు. పెద్ద రాష్ట్రములలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చునకు 95 లక్షల హద్దు గలదు. అతనిని నిలిపిన పక్షమునకు హద్దే లేదు. సర్కారు కంట్రాక్టు గల కంపెనీ చందా యీయరాదనియు, పక్షముల ఖర్చునకును హద్దు వలయుననియు, చందాదారుల పేర్లు పోలింగునకు ముందే ప్రకటింపవలెననియు చట్టము కావలెను. మన ముంగిటికి ఓటడుగ వచ్చువారు మన పేరు, కులము, ఫోను సంఖ్య ముందే యెఱిగి వచ్చుచున్నారు. వారి పక్షమునకు ధనమిచ్చినదెవరో ఆ ముంగిటనే అడిగి, వారి బదులు వినిన పిమ్మటనే లోనికి పిలువుడు.